కిడ్నీ వైఫల్యం ఉన్నవారికి కాలి రక్తనాళాల చికిత్స: తరచుగా అడిగే ప్రశ్నలు

డయాలిసిస్ మీద ఉన్నవారికైనా, త్వరలో డయాలిసిస్ తప్పదని డాక్టర్లు చెప్పినవారికైనా కాలి పుండు మానకపోతే ఇంటిల్లిపాదికీ సందేహాలే. ఎక్కువగా వినిపించేవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. డాక్టరు దగ్గరకు వెళ్లేముందు చదువుకుంటే ఏమి అడగాలో తెలుస్తుంది. నిర్ణయం మాత్రం రోగిని కళ్లారా చూసిన డాక్టరుతో కలిసి తీసుకోవలసిందే.

కిడ్నీలు పాడైతే కాళ్లకు రక్తం ఎందుకు తగ్గుతుంది?

కారణాలు రెండు, మూడు కలిసి వస్తాయి. మన దగ్గర కిడ్నీలు పాడైనవారిలో చాలామందికి మధుమేహం, రక్తపోటు ముందునుంచే ఉంటాయి. ఈ రెండూ ఒక్క కిడ్నీతో ఆగవు, ధమనులన్నిటినీ దెబ్బతీస్తాయి. దీనికి తోడు, కిడ్నీలు పనిచేయనప్పుడు రక్తంలో ఫాస్ఫరస్ పెరిగి, పారాథైరాయిడ్ హార్మోన్ అదుపు తప్పి, ధమనుల గోడల మధ్యపొరలో సున్నం (కాల్షియం) పేరుకుంటుంది. అందరిలో కనిపించే కొవ్వు పూడిక వేరు, ఈ సున్నం వేరు. డయాలిసిస్ రోగుల్లో రెండూ ఉంటాయి. అందులోనూ మోకాలి కింద, పిక్కలోంచి పాదానికి వెళ్లే సన్నని ధమనులే ఎక్కువగా పాడవుతాయి. చికిత్స కష్టం కావడానికి మూలం ఇదే. తొడలోని పెద్ద ధమనిని తెరవడం కంటే చీలమండ దగ్గర రెండు, మూడు మిల్లీమీటర్ల గొట్టాన్ని తెరవడం, తెరిచాక అది మూసుకోకుండా చూడడం చాలా కష్టం.

చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటు కూడా ఉంటే జబ్బు ఇంకా వేగంగా ముదురుతుంది. డయాలిసిస్ మొదలయ్యాక మానేసినా ఫలితం ఉంటుంది.

మా నాన్నగారు నడిచినప్పుడు నొప్పి అని ఏనాడూ అనలేదు. ఒక్కసారిగా వేలు నల్లబడింది. ఇది ఎలా జరిగింది?

రక్తం తగ్గిన కాలు మామూలుగా నడిస్తే పిక్క పట్టేసి హెచ్చరిస్తుంది. కానీ వారానికి మూడు రోజులు డయాలిసిస్, మిగిలిన రోజులు నీరసం. పిక్క పట్టేసేంత దూరం ఆయన నడిచే సందర్భమే రాదు. పైగా మధుమేహం వల్ల, కిడ్నీ జబ్బు వల్ల పాదాల నరాలు మొద్దుబారి ఉంటాయి. చెప్పు ఒరుసుకున్నా, గోరు తీసేటప్పుడు తెగినా తెలియదు. అందుకే చాలామందిలో జబ్బు బయటపడే మొదటి గుర్తు మానని పుండే.

రెండు గుర్తులను మాత్రం చాలామంది గమనించీ పట్టించుకోరు. ఒకటి, డయాలిసిస్ జరుగుతుండగా, బీపీ పడిపోయినప్పుడు, పాదం చల్లబడి లాగేయడం. రెండోది, రాత్రి పడుకుంటే పాదం మంటపుట్టి, కాలు మంచం మీదనుంచి కిందికి వేలాడేస్తే ఉపశమనం కలగడం. కొందరు నెలల తరబడి కుర్చీలోనే నిద్రపోతారు. అప్పుడు కాలు వాస్తుంది, ఇంట్లోవాళ్లు ‘కిడ్నీ వాపు’ అనుకుంటారు. అలాంటి నొప్పి రెండు వారాలు దాటిందంటే రక్తనాళాల డాక్టరైన వాస్క్యులర్ సర్జన్‌కు చూపించాలి.

డాప్లర్ స్కాన్‌లో బ్లాకులు ఉన్నాయన్నారు. పుండు లేదు, నొప్పి లేదు. వెంటనే తెరిపించాలా?

అక్కర్లేదు. ధ్వని తరంగాలతో రక్తప్రవాహం చూసే ఈ స్కాన్ చేస్తే చాలామంది డయాలిసిస్ రోగుల కాళ్లలో బ్లాకులు కనబడతాయి. పుండు, నిలకడైన నొప్పి, గ్యాంగ్రిన్ (కుళ్లి నల్లబడడం) లేని కాలికి ముందుజాగ్రత్త పేరుతో బెలూన్ వేయడం (పూడిన ధమనిలో బెలూన్ ఉబ్బించి తెరవడం) వల్ల లాభం ఉందని చూపే ఆధారం లేదు. తెరిచిన ధమని మళ్లీ మూసుకుపోతే మునుపటి కంటే పరిస్థితి చెడవచ్చు కూడా. ‘ఇప్పుడే చేయించకపోతే కాలు పోతుంది’ అని తొందరపెడితే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

చీలమండ దగ్గర బీపీ చూసి నార్మల్ అన్నారు. మరి పుండు ఎందుకు మానడం లేదు?

ఈ ప్రశ్నకు జవాబు తెలియక పోగొట్టుకున్న కాళ్లు చాలా ఉన్నాయి, అందుకే కొంచెం వివరంగా చెప్పాలి. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకెను ఏబీఐ అంటారు. 0.9 లేదా అంతకంటే తక్కువ ఉంటే జబ్బు ఉన్నట్టు. ధమని గోడలో సున్నం నిండితే మాత్రం అది వెదురుబొంగులా గట్టిపడి, బీపీ కట్టు ఎంత బిగించినా నొక్కుకోదు. లోపల రక్తం కొద్దిగానే పోతున్నా అంకె 1.0 అని, 1.2 అని మంచిగానే కనిపిస్తుంది. 1.4 దాటితే ధమని గట్టిపడిందని డాక్టరుకు వెంటనే అర్థమవుతుంది. మోసం చేసేది ఆ మధ్యలో వచ్చే మామూలు అంకె.

కాలి వేళ్ల ధమనుల్లో సున్నం అంతగా చేరదు. అందుకని బొటనవేలికి చిన్న కట్టు కట్టి అక్కడి ఒత్తిడి చూస్తారు. అది 60 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే రక్తం చాలినట్టే. 30 కంటే తక్కువైతే తీవ్రమైన కొరత, రక్తం తెప్పించకుండా పుండు మానడం కష్టం. వేలు లేకపోతే చర్మం మీద ఆక్సిజన్ కొలిచే పరీక్ష ఉంది. కిడ్నీ రోగి పాదానికి పుండు ఉండి, రిపోర్టులో ఏబీఐ ఒక్కటే ఉంటే, ‘వేలి ఒత్తిడి చూశారా?’ అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

యాంజియోగ్రామ్‌లో ఇచ్చే మందుతో మిగిలిన కిడ్నీ కూడా పోతుందంటున్నారు. నిజమేనా?

డయాలిసిస్ ఇంకా మొదలుకానివారికి ఈ భయం న్యాయమైనదే. ధమనులు ఎక్స్‌రేలో కనిపించడానికి ఎక్కించే, అయోడిన్ ఉన్న ఆ రంగు మందు బలహీనపడిన కిడ్నీని మరింత దెబ్బతీసే అవకాశం ఉంది. దానికి మార్గాలున్నాయి. మందు పరిమాణం బాగా తగ్గించవచ్చు. ముందే డాప్లర్‌తో బ్లాకు ఎక్కడుందో గుర్తించి ఆ ఒక్కచోటే మందు ఎక్కించవచ్చు. మందుకు బదులు కార్బన్ డయాక్సైడ్ వాయువుతోనూ కాలి ధమనుల బొమ్మ తీయవచ్చు. ఉదరవితానం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే పొర) కింది భాగాలకే ఆ వాయువును వాడతారు. పాదం వరకూ వెళ్లేసరికి బొమ్మ కాస్త మసకబారుతుంది కాబట్టి చివర్లో కొద్దిగా అయోడిన్ మందు అవసరం కావచ్చు.

డయాలిసిస్ మీద ఉండి మూత్రం అసలు రానివారికి కిడ్నీ పరంగా కొత్తగా పోయేదేమీ లేదు. ఆ మందు తీసేయడానికి అదే రోజు ప్రత్యేకంగా డయాలిసిస్ చేయించనక్కర్లేదు. రోజుకు కొంతైనా మూత్రం వస్తున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి, దాన్ని కాపాడుకోవడం విలువైనదే. ఎంఆర్ఐ రంగు మందుల్లో పాతరకం గాడోలినియం మందులు కిడ్నీ రోగుల చర్మాన్ని బిరుసెక్కించే జబ్బు తెచ్చాయి. కొత్తరకాలతో ఆ ప్రమాదం చాలా తక్కువ.

బెలూన్ మంచిదా, బైపాస్ మంచిదా?

రోగులు అడిగేదీ ఇదే, డాక్టర్లు వాదించుకునేదీ ఇదే.

బెలూన్ పద్ధతిలో గజ్జల దగ్గర సూదితో ధమనిలోకి తీగ పంపి, పూడినచోట బెలూన్ ఉబ్బిస్తారు. అవసరమైతే ధమని తెరిచి ఉండేలా స్టెంట్ అనే జాలీ గొట్టం వేస్తారు. ఆ భాగానికే మత్తు చాలు, ఒకటి, రెండు రోజుల్లో ఇంటికి రావచ్చు. గుండె బలహీనంగా ఉన్నవారికి ఇది పెద్ద ఊరట. లోపం కూడా పెద్దదే. సున్నం పట్టిన సన్నని ధమనులు ఏడాది తిరగకముందే మళ్లీ మూసుకుపోవడం మామూలు. అయితే పుండు మానడానికి పట్టే కొన్ని నెలలు ధమని తెరిచి ఉంటే చాలాసార్లు పని జరిగిపోతుంది. పుండును మాన్పడానికి కావలసినంత రక్తం, మానిన చర్మాన్ని నిలబెట్టడానికి అక్కర్లేదు.

బైపాస్‌లో రోగి కాలి లోపలివైపు ఉండే పొడవాటి సఫీనస్ సిరను తీసి, పూడిన భాగాన్ని దాటించి కింది ధమనికి, కొన్నిసార్లు పాదం మీది ధమనికి కుడతారు. కొన్ని గంటల ఆపరేషన్. రక్తం ఎక్కువగా వస్తుంది, ఎక్కువకాలం నిలుస్తుంది. కానీ కాలి పొడవునా కోత ఉంటుంది. కిడ్నీ రోగుల్లో ఆ కోతే మానక చీము పట్టే ప్రమాదం ఉంది.

పరిశోధనలు ఏమంటున్నాయి? 2022లో వెలువడిన బెస్ట్-సీఎల్ఐ అధ్యయనంలో 1,830 మంది ఉన్నారు. సఫీనస్ సిర బాగున్నవారిలో బైపాస్ వైపే మొగ్గు కనిపించింది, సిర బాగాలేనివారిలో పెద్ద తేడా లేదు. మరుసటి ఏడాది బ్రిటన్, స్వీడన్, డెన్మార్క్‌లలో 345 మందితో జరిగిన బేసిల్-2 ఫలితాలు దీనికి ఎదురుగా వచ్చాయి. మోకాలి కింది జబ్బు ఉన్నవారిలో ముందు బెలూన్ చేయించుకున్నవారే కాలితో సహా ఎక్కువమంది బతికి ఉన్నారు. రెండిటిలోనూ డయాలిసిస్ రోగులు కొద్దిమందే. అంటే ఏ అధ్యయనాన్నీ మీ ఇంట్లో మనిషికి నేరుగా అన్వయించలేం.

2019 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఒక కొలమానం ఇచ్చాయి. ఆపరేషన్ సమయంలో ప్రాణాపాయం అయిదు శాతం లోపు ఉండి, రెండేళ్లు బతికే అవకాశం సగానికి మించి ఉంటే బైపాస్ గురించి ధైర్యంగా ఆలోచించవచ్చు. డయాలిసిస్ రోగుల్లో చాలామంది ఈ గీత అవతలే ఉంటారు, అందుకే ముందు బెలూన్ అంటారు. అది సబబే. అయితే యాభై ఏళ్ల మనిషి, గుండె బాగుంది, సిర బాగుంది, పాదంలో పెద్ద పుండు ఉంది అనుకోండి. డయాలిసిస్ అన్న ఒక్క మాటతో అతనికి బైపాస్ లేదనడం అన్యాయం. మూడోసారి, నాలుగోసారి అదే ధమనికి బెలూన్ వేస్తూ కాలం గడపడమూ అంతే.

బైపాస్‌కు చేతి సిర వాడవచ్చా?

కాలి సిర దొరకనప్పుడు మామూలు రోగుల్లో చేతి సిర వాడతారు. కిడ్నీ రోగికి చేతి సిరలంటే ఫిస్టులాలు, అంటే డయాలిసిస్ సూదులు వేయడానికి సిరను ధమనితో కలిపి కట్టే దారులు. ఇవాళ ఉన్న ఫిస్టులా ఆగిపోతే రేపు ఇంకొకటి వాటితోనే కట్టాలి. అందుకే కిడ్నీ డాక్టరైన నెఫ్రాలజిస్ట్‌ను అడగకుండా చేతి సిర ముట్టుకోకూడదు. తొడలో డయాలిసిస్ గ్రాఫ్ట్ (ధమనిని, సిరను కలిపే కృత్రిమ గొట్టం) ఉన్నవారిలో ఆ గ్రాఫ్టే కాలి రక్తాన్ని మళ్లించుకుంటూ ఉండవచ్చు, అదీ చూడాలి.

డయాలిసిస్ రోజులను ఆపరేషన్‌తో ఎలా సర్దుతారు?

సాధారణంగా డయాలిసిస్ అయిన మరునాడు ఆపరేషన్ పెడతారు. పొటాషియం, ఒంట్లో నీరు అదుపులో ఉంటాయి, డయాలిసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన హెపారిన్ ప్రభావమూ పోయి ఉంటుంది. ఆ తరువాతి డయాలిసిస్ హెపారిన్ లేకుండానో, తగ్గించో చేస్తారు. అప్పుడు ఒక్కసారిగా ఎక్కువ నీరు లాగి బీపీ పడేస్తే కొత్త బైపాస్ గడ్డకట్టి మూసుకోవచ్చు, ఫిస్టులా కూడా ఆగిపోవచ్చు. కాబట్టి డయాలిసిస్ టెక్నీషియన్‌కు ‘కాలికి బైపాస్ అయింది, బీపీ పడనీయవద్దు’ అని ప్రతిసారీ మీరే చెప్పండి. ఆపరేషన్ వేరే ఆసుపత్రిలో, డయాలిసిస్ ఊళ్లో ఇంకోచోట అయితే ఈ కబురు దారిలోనే ఆగిపోతుంది.

ఫిస్టులా చేతికి బీపీ కట్టు, సూది, రక్తం తీయడం ఏవీ వద్దు. మత్తులో ఉన్న రోగి చెప్పలేడు కాబట్టి ఆ చేతికి ముందే గుర్తు కట్టించండి.

ప్రాణానికి ప్రమాదం ఎంత?

మామూలు రోగుల కంటే చాలా ఎక్కువ, దాచడంలో అర్థం లేదు. గుండెపోటు, రక్తస్రావం, కోత మానకపోవడం మూడూ కిడ్నీ రోగుల్లో అధికం. అయితే ఒక సంగతి పక్కనే పెట్టుకోవాలి. అమెరికా డయాలిసిస్ రోగుల లెక్కలు చూస్తే, కాలు కోల్పోయినవారిలో దాదాపు సగం మంది ఏడాదిలోపే మరణిస్తున్నారు. కాలు తీయడమే అందరినీ చంపిందని దీని అర్థం కాదు. జబ్బు అంత ముదిరాకే వారు ఆ స్థితికి వచ్చారు. కాబట్టి సర్జన్‌ను కాలు గురించే కాకుండా, ‘మా మనిషి రెండేళ్ల తరువాత ఎలా ఉండవచ్చు?’ అని కూడా అడగాలి. ఆ జవాబుతో చాలా నిర్ణయాలు తేలికవుతాయి.

నల్లబడిన వేలు తీసేస్తే సరిపోదా?

రక్తం రాని పాదంలో వేలు తీస్తే ఆ కోతే కొత్త పుండు అవుతుంది. తరువాత పాదం, తరువాత పిక్క. ఎండి నల్లబడి, చీము, వాసన లేని వేలైతే ముందు రక్తం తెప్పించి, ఆ తరువాత తీయాలి. చీము పట్టి, పాదం ఎర్రబడి, జ్వరం వస్తే వరస మారుతుంది. ముందు కోసి చీము తీసేయాలి, అది గంటల్లో జరగాలి. తరువాత ఒకటి, రెండు రోజుల్లో రక్తం సంగతి. జ్వరం లేదుగా అని ఊరుకోవద్దు, డయాలిసిస్ రోగుల్లో ఒంట్లో చీము ఉన్నా జ్వరం రాకపోవచ్చు.

కాలు తీసేయడమే మేలు అని ఎప్పుడంటారు?

మడమ మొత్తం కుళ్లి ఎముక బయటపడినప్పుడు, ఇన్‌ఫెక్షన్ ప్రాణం మీదికి వచ్చినప్పుడు, పాదంలో కలపడానికి ఒక్క ధమని కూడా మిగలనప్పుడు. ఏళ్లుగా మంచం మీదే ఉండి మోకాలు ముడుచుకుపోయిన మనిషికీ అంతే. ఇలాంటప్పుడు మూడు ఆపరేషన్లు చేసి ఆరు నెలలు ఆసుపత్రిలో ఉంచడం కంటే ఒకే ఆపరేషన్‌తో నొప్పి తీర్చడం దయగల వైద్యం. మోకాలి కింద తీయగలిగితే కృత్రిమ కాలితో నడిచే అవకాశం బాగా ఉంటుంది. జైపూర్ కాలుతో పొలం పనులు చేసుకుంటున్నవారు ఉన్నారు. డయాలిసిస్ రోగిలో తొడ, కోయగా మిగిలిన మొండికాలి వాపు రోజుకో తీరుగా మారుతుంటుంది కాబట్టి కాలి తొడుగు అమర్చడానికి కొంత ఓపిక కావాలి.

పాదంలో ధమనులేవీ మిగలనివారికి సిరలోకే ధమని రక్తాన్ని మళ్లించే కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. 2023లో 105 మందితో వెలువడిన అధ్యయనంలో మూడింట రెండువంతుల మంది ఆరు నెలలకు కాలు పోగొట్టుకోకుండా బతికి ఉన్నారు. ఇంకా కొద్దిచోట్లే చేస్తున్నారు.

ఆపరేషన్ వద్దనుకుంటే?

అదీ ఒక నిర్ణయమే. శుభ్రమైన కట్లు, నొప్పి మందులు, చీము రాకుండా జాగ్రత్త తీసుకుంటూ ఎండిన వేలు దానంతట అది రాలేదాకా చూసుకోవచ్చు. కొందరు అలాగే నెలలు, ఏళ్లు గడుపుతారు. రోగి తెలివిగా ఉండి వద్దంటే, పిల్లలు ‘నలుగురూ ఏమనుకుంటారో’ అని ఆపరేషన్‌కు తోసుకెళ్లడం సరికాదు.

నొప్పి మందుల్లో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీలను ఇంకా పాడుచేస్తాయి. నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ మోతాదు కిడ్నీ రోగికి బాగా తగ్గించాలి. లేకపోతే మనిషి రోజంతా మగతగా పడి ఉంటాడు.

ఆపరేషన్ తరువాత ఏ మందులు వాడాలి?

రక్తం పల్చబరిచే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌లలో ఒకటి ఎక్కువమందికి ఇస్తారు, స్టెంట్ ఉంటే కొంతకాలం రెండూ. కిడ్నీ రోగులకు రక్తస్రావం సులువుగా అవుతుంది కాబట్టి రెండిటినీ ఎన్నాళ్లు వాడాలో తేదీతో రాయించుకోండి. కొలెస్ట్రాల్ మాత్రలు ముందునుంచీ వాడుతుంటే ఆపవద్దు. నడక పెంచడానికి ఇచ్చే సిలోస్టజోల్ గుండె వైఫల్యం ఉన్నవారికి నిషిద్ధం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతున్నవారికి తొడ, పొట్ట మీద చర్మం బాగా నొప్పిగా నల్లబడితే అది మామూలు బ్లాకు కాకపోవచ్చు. కాల్సిఫిలాక్సిస్ అనే జబ్బు కిడ్నీ రోగుల్లో అలాగే వస్తుంది, వెంటనే నెఫ్రాలజిస్ట్‌కు చూపించాలి.

పప్పు, గుడ్డు తింటే పుండు చీము పడుతుందని మా అత్తగారు పెట్టనివ్వడం లేదు. నిజమా?

కాదు. పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి. గందరగోళానికి కారణం ఇంకొకటి కూడా ఉంది. డయాలిసిస్‌కు ముందు మాంసకృత్తులు తగ్గించమని డాక్టరే చెప్పి ఉంటారు, డయాలిసిస్ మొదలయ్యాక ఆ లెక్క తిరగబడుతుంది. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములన్నమాట. చారన్నం, మజ్జిగన్నంతో అది రాదు. కోడిగుడ్డు తెల్లసొనలో ఫాస్ఫరస్ తక్కువ కాబట్టి అన్నిటికంటే ముందు దాన్నే చెబుతారు. చేప, కోడిమాంసం, పప్పు ఎంత తినవచ్చో పొటాషియం, ఫాస్ఫరస్ రిపోర్టులు చూసి ఆహార నిపుణులు చెబుతారు. అత్తగారిని కూడా ఒకసారి వారి దగ్గరకు తీసుకెళ్తే ఇంట్లో తగువు తగ్గుతుంది.

ఆపరేషన్ లేకుండా బ్లాకులు కరిగిస్తామనే ప్రకటనలను నమ్మవచ్చా?

నమ్మవద్దు. సెలైన్‌లో ఈడీటీఏ ఎక్కించి సున్నం కరిగిస్తామంటారు. ఆ మందు బయటికి పోవలసింది కిడ్నీల ద్వారానే. పనిచేయని కిడ్నీలున్నవారికి అది ఎక్కించడం ప్రమాదకరం. ఏమేమి కలిపారో తెలియని భస్మాలు, చూర్ణాలు కూడా ఈ రోగులకు వద్దు.

కిడ్నీ మార్పిడి చేయించుకుంటే కాలు బాగుపడుతుందా?

ఉన్న బ్లాకులు తెరుచుకోవు. పైగా కొత్త కిడ్నీ ధమనిని పొత్తికడుపులో కాలికి వెళ్లే పెద్ద ధమనికే కుడతారు. అందువల్ల మార్పిడికి ముందే ఆ ధమనులను సీటీలో చూసుకోవాలి. మానని పుండు ఉండగా రోగనిరోధక శక్తి తగ్గించే మందులు మొదలుపెట్టలేరు కాబట్టి ముందు కాలు, తరువాత కిడ్నీ.

ప్రభుత్వ పథకంలో వస్తుందా?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలోనూ డయాలిసిస్ ఉంది. కాలి బెలూన్, బైపాస్, వేలు తీయడం వేటికవే వేరు అనుమతులు. స్టెంట్, ప్రత్యేక బెలూన్ల ఖరీదు అందులో కలిసిందా లేదా అన్నది చేరకముందే ఆసుపత్రి కౌంటర్‌లోని ఆరోగ్యమిత్రను, వైద్యమిత్రను అడగండి. హైదరాబాద్ నిమ్స్‌లో వాస్క్యులర్ సర్జరీకి ప్రత్యేక విభాగం ఉంది.

ఇంట్లో మేము చూసుకోవలసినవి ఏమిటి? రెండో కాలి సంగతి?

ఒక కాలికి వచ్చిందంటే రెండో కాలిలోనూ జబ్బు ఉన్నట్టే లెక్క. రోజూ దీపాలు పెట్టే వేళకో, స్నానం కాగానో, ఏదో ఒక సమయం పెట్టుకుని రెండు పాదాలూ వేళ్ల సందులతో సహా ఎవరైనా ఇంట్లోవాళ్లు చూడాలి. చాలామంది డయాలిసిస్ రోగులకు చూపు మందగించి ఉంటుంది, తమ అరికాలు తాము చూసుకోలేరు. వేడినీళ్ల కాపడం, ఆనెలకు బ్లేడు, మెడికల్ షాపులో అమ్మే ఆనె పట్టీలు వద్దు. వాపు తగ్గడానికి బిగుతు మేజోళ్లు డాక్టరు చెప్పకుండా వేయకండి. రక్తం తక్కువైన కాలికి అవి హాని చేస్తాయి.

ఇంట్లో కూడా మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు వేసుకోవాలి. ఎండాకాలం గుడి ప్రాకారంలో బండలు కాలి బొబ్బలెక్కినా వీరికి తెలియదు, కాబట్టి ప్రదక్షిణలు తెల్లవారుజామున పెట్టుకోండి, లేదా మందపాటి మేజోళ్లు వేసుకోండి. డయాలిసిస్ మంచం ఎక్కినప్పుడు నెలకొక్కసారైనా మేజోళ్లు తీసి పాదాలు చూడమని నర్సును అడగండి. దుప్పటి కప్పేసి నాలుగు గంటలు గడిచిపోతాయి, పాదం ఎవరికీ కనబడదు.

పాదం ఉన్నట్టుండి మంచులా చల్లబడి తెల్లబడినా, వేళ్లు కదలకపోయినా, పుండు నుంచి దుర్వాసన వచ్చినా, ఎరుపు పైకి పాకుతున్నా తరువాతి డయాలిసిస్ రోజుదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు చివరి డయాలిసిస్ ఎప్పుడైందో, పొడి బరువు (డయాలిసిస్‌లో అదనపు నీరు తీశాక ఉండాల్సిన బరువు) ఎంతో, ఏ చేతికి ఫిస్టులా ఉందో, రక్తం పల్చబరిచే మాత్ర ఆఖరుసారి ఎప్పుడు వేసుకున్నారో ఒక కాగితం మీద రాసి చేతిలో పెట్టుకోండి.